పర్యావరణం మీద పట్టింపు ఉన్నవాళ్ళం కూడా బస్సెందుకు ఎక్కడం లేదు?

కేపీహెచ్‌బీ నేస్తం | ఆదివారం, రాత్రి 9:10

మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాలని పట్టుబట్టేవాళ్ళే ఎక్కువ. కూరగాయలకి గుడ్డ సంచి, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, మేడ మీద సోలార్... అన్నిటికీ ముందుంటారు. వాళ్ళది పైపై మాట కాదు, నిజంగా పట్టించుకునే మనుషులు. అయితే పొద్దున్న ఎనిమిదిన్నరకి సెల్లార్లోంచి కారుకో మనిషి చొప్పున బయటికొస్తారు. చాలామంది ఆఫీసులు మాదాపూర్, రాయదుర్గం వైపే. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు, జేఎన్‌టీయూ దగ్గర బస్సులూ దొరుకుతాయి. నేను మాత్రం బైక్ మీద వెళ్తాను.

పర్యావరణం గురించి ఇంత ఆలోచించే మనిషికి ప్రయాణం దగ్గరికొచ్చేసరికి ఆ ఆలోచన ఎందుకు అడ్డం రాదు? అలవాటా, సుఖమా, పరువా, లేక బస్సులే సరిగ్గా లేవా? మీరు బస్సు ఎప్పుడు వదిలేశారో, మళ్ళీ ఎక్కితే ఏ సందర్భంలో ఎక్కారో చెప్పండి.

నాగోల్ నీలిగీత | ఆదివారం, రాత్రి 9:32

నేను రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రోలోనే వెళ్తాను. పర్యావరణం కోసం మొదలుపెట్టలేదండీ. ఉప్పల్ రింగ్ రోడ్డు, తార్నాక, సికింద్రాబాద్ దాటుకుంటూ బండి నడిపే ఓపిక లేక మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున్నే నా కాళ్ళు వాటంతటవే స్టేషన్ మెట్ల వైపు వెళ్తాయి. ఆడవాళ్ళ కోచ్ ఆగే చోటే నిలబడతాను, రోజూ కనిపించే మొహాలే కనిపిస్తాయి. ఆఫీసులో ఎవరైనా లిఫ్ట్ ఇస్తామన్నా ఎక్కబుద్ధి కాదు. కాబట్టి అలవాటు కారుకే కాదు, ఇటు కూడా అంతే గట్టిగా పడుతుంది.

రిటైర్డ్ కండక్టర్ | ఆదివారం, రాత్రి 10:05

సికింద్రాబాద్ - పటాన్‌చెరు 219లో చాలా ఏళ్ళు డ్యూటీ చేశాను. జనం బస్సు ఎప్పుడు వదిలేస్తారో నేను చూశాను కాబట్టి చెప్తాను.

స్టూడెంట్ పాస్ పిల్లలు ఉంటారు. ఎక్కే డోరు మారదు, నిలబడే కడ్డీ కూడా మారదు. ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ దాకా అదే పిల్లలు, గడ్డాలు మీసాలు రావడం కూడా మా కళ్ళ ముందే. చదువు అయిపోయిన ఏడాది జూన్‌లో చూస్తే ఒక్కరూ కనబడరు. కొన్నాళ్ళకి ఏ ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గరో కొత్త బండి మీద కనబడి, హెల్మెట్ పైకెత్తి "అంకుల్, బాగున్నారా" అని పలకరిస్తారు. ఉద్యోగం వచ్చిన మొదటి జీతానికో రెండో జీతానికో బండి, దానికి ఈఎంఐ.

అప్పుడు మళ్ళీ బస్సెక్కమంటే ఏమంటారో తెలుసా? "ఈఎంఐ ఎలాగూ కడుతున్నా కదా అంకుల్, మళ్ళీ పాస్ ఎందుకు దండగ." వాన పడ్డ రోజు తప్ప తిరిగి రారు. అన్నేళ్ళ బస్సు అలవాటు ఉన్న మనిషిని పాస్ గడువు తీరిన ఆ రెండు మూడు నెలల్లోనే పోగొట్టుకుంటున్నాం. స్టూడెంట్ పాస్ ఆగిపోయిన రోజున వాడి చేతిలో ఇంకో చవక పాస్ పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికీ తట్టకపోవడమే నాకు బాధ.

తెనాలి తమ్ముడు | ఆదివారం, రాత్రి 10:21

పరువు సంగతి తక్కువ అంచనా వెయ్యకండి. మా వైపు పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అబ్బాయికి కారు ఉందా అని పక్కవాళ్ళని అడిగి మరీ కనుక్కుంటారు. పండక్కి అల్లుడు బస్సు దిగి నడుచుకుంటూ వస్తే అత్తగారు వీధిలోకి రావడానికే మొహమాటపడుతుంది. ఇదంతా కాలుష్యం గురించి తెలియక కాదు. బస్సు అంటే లేనివాళ్ళు ఎక్కేది అని చిన్నప్పటి నుంచి మన బుర్రల్లో ఉండిపోయింది.

ఓరుగల్లు స్కాలర్ | ఆదివారం, రాత్రి 11:15

ట్రాన్స్‌పోర్టేషన్ చదువుతున్నాను, అలవాట్ల మీదే నా థీసిస్. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

1991లో ఐసెక్ ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన సిద్ధాంతం మా సబ్జెక్టులో ఎక్కువ వాడతారు. మనిషి ఒక పని చేయడానికి మూడు కలిసిరావాలి: ఆ పని మీద మంచి అభిప్రాయం, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో అన్న లెక్క, అది తన చేతిలో ఉందన్న నమ్మకం. తెనాలి తమ్ముడు చెప్పిన పరువు రెండోది. బస్సు టైముకి వస్తుందా రాదా అన్నది మూడోది. పర్యావరణం మీద ప్రేమ మొదటిదాంట్లో ఒక ముక్క, అంతే.

అయితే మనిషి అసలు ఆలోచించి నిర్ణయం తీసుకున్నప్పుడే ఈ మూడూ పనిచేస్తాయి. రోజూ పొద్దున్న మనం నిర్ణయం తీసుకోం. తాళం చెవి తీస్తాం, వెళ్ళిపోతాం. బాస్ వెర్‌ప్లాంకెన్, హెంక్ ఆర్ట్స్ వాళ్ళు నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగాల్లో (1997లో వచ్చాయి) కారు అలవాటు బాగా ముదిరినవాళ్ళు, ఎలా వెళ్ళాలో ఎంచుకోమంటే వేరే దారుల గురించి వివరాలే పెద్దగా అడగలేదు. అంటే బస్సు బాగుపడినా ఆ సంగతి వాళ్ళ చెవిన పడదు. కేపీహెచ్‌బీ నేస్తం గారూ, మీ అపార్ట్‌మెంట్ వాళ్ళకి బస్సు చెడ్డదని అభిప్రాయం ఉందని నేననుకోను. వాళ్ళ పొద్దుటి ఆలోచనలోకి బస్సు రావడమే లేదు.

మరి పట్టింపు ఎప్పుడు పనికొస్తుంది? అదే వెర్‌ప్లాంకెన్ 2008లో ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం ఉంది. పర్యావరణం మీద పట్టింపు ఉండి, ఈమధ్యే ఇల్లు మారినవాళ్ళు కారు తక్కువ వాడారు. అంతే పట్టింపు ఉన్నా పాత ఇంట్లోనే ఉన్నవాళ్ళు మాత్రం అంత తగ్గించలేదు. ఇల్లు మారగానే పాత దారి చెరిగిపోతుంది, ఎలా వెళ్ళాలో కూర్చుని ఆలోచించక తప్పదు. మనసులో ఉన్న పట్టింపుకి అప్పుడు మాట్లాడే అవకాశం వస్తుంది.

కోపెన్‌హాగెన్‌లో జాన్ థోగెర్సన్ కారున్నవాళ్ళకి నెల రోజుల ఉచిత పాస్ ఇచ్చి చూశారు. ఫలితం కనబడింది కానీ, తర్వాత లోతుగా చూస్తే అది అంతకుముందు మూడు నెలల లోపు ఇల్లో ఉద్యోగమో మారినవాళ్ళ మీదే పనిచేసిందని తేలింది. కండక్టర్ గారు పాస్ గడువు తీరిన నెలల గురించి చెప్పిందీ ఇదే. ఆయన చూసింది నా థీసిస్‌లో పెట్టుకోవాలని ఉంది.

బాటసారి | సోమవారం, ఉదయం 6:48

స్కాలర్ గారూ, చదివాను, బాగుంది. కానీ ఈ చర్చంతా బండి ఉండి బస్సు ఎక్కనివాళ్ళ చుట్టూనే తిరుగుతోంది. బండి లేక బస్సెక్కేవాళ్ళ సంగతి ఎవరు మాట్లాడతారు? మా వీధిలో ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే పిల్లలు రోజూ బస్సులోనే వస్తారు. వాళ్ళని పర్యావరణం గురించి సర్వే అడిగితే బహుశా తక్కువ మార్కులే వస్తాయి. గాలిని తక్కువ పాడుచేస్తున్నది మాత్రం వాళ్ళే.

వాళ్ళకి మనం ఇచ్చిందేమిటి? బస్టాప్ బోర్డు ఒకచోట, బస్సు ఆగేది ఇంకోచోట. షెల్టర్ ఉంటే అందులో టీ బండి, పార్క్ చేసిన స్కూటర్లు. బస్సు రోడ్డు మధ్యలో ఆగితే ఆటోల సందుల్లోంచి పరిగెత్తాలి. చీర కట్టుకుని, చేతిలో క్యారేజీతో ఆ పరుగు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. అలవాటు మార్చుకోమని జనానికి చెప్పేముందు బస్సులు పెంచండి, స్టాపులు బాగుచేయండి. మిగతాది జనమే చూసుకుంటారు.

ఓరుగల్లు స్కాలర్ | సోమవారం, ఉదయం 7:30

మీ మాట కాదనను, బాటసారి గారూ. బస్సే లేనిచోట అలవాటు గురించి మాట్లాడి లాభం లేదు. ఇంకో మాట కూడా కలుపుతాను. అరగంటకో బస్సయితే టైం గుర్తుపెట్టుకోవాలి, అది తప్పితే ఏం చేయాలో ఆలోచించాలి, రోజూ ఓ టెన్షన్. పది నిమిషాలకొకటి వస్తుంటే ఆలోచించే పనే ఉండదు, స్టాప్‌కి వెళ్ళి నిలబడితే చాలు. అలవాటు పడటానికి కావలసింది సరిగ్గా ఆ ఆలోచించనక్కర్లేని స్థితే.

కానీ "మిగతాది జనమే చూసుకుంటారు" అన్నదాంతో మాత్రం నేను ఒప్పుకోను. బస్సు పెంచినా ఆ సంగతి ఎన్నడూ గమనించని జనం ఉంటారని చెప్పడమే నా ఉద్దేశం.

కేపీహెచ్‌బీ నేస్తం | సోమవారం, ఉదయం 8:02

మా దారి లెక్క కూడా చెప్తాను, బాటసారి గారి మాటకి బలం వస్తుంది. కేపీహెచ్‌బీ నుంచి రాయదుర్గం నేరుగా చూస్తే దగ్గరే. మెట్రోలో వెళ్ళాలంటే మాత్రం అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ ఎర్ర లైన్ దిగి, మెట్లెక్కి నీలం లైన్ పట్టుకుని, జూబ్లీహిల్స్ మీదుగా వెనక్కి తిరిగి రావాలి. ఆఫీసు టైంలో అమీర్‌పేట ప్లాట్‌ఫాం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఎల్బీనగర్ వాళ్ళకి మెట్రో వరం. మా కాలనీ వాళ్ళకి దగ్గర దారి బస్సే, ఆ బస్సు కూడా మా కార్ల మధ్యలోనే ఇరుక్కుంటుంది.

కొండాపూర్ రైడర్ | సోమవారం, ఉదయం 10:17

నాకో అనుమానం. కారంటే సరే, బైక్‌తో పెద్దగా కాలుష్యం ఏముంది? నా బండి లీటరుకి 50 ఇస్తుంది. ఖాళీగా తిరిగే డీజిల్ బస్సు కంటే నేనే నయం కదా?

ఓరుగల్లు స్కాలర్ | సోమవారం, మధ్యాహ్నం 1:05

మంచి ప్రశ్న బ్రో, లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్‌కి దాదాపు 2.7. నీ బండి కిలోమీటరుకి 46 గ్రాములు. లీటరుకి 15 ఇచ్చే కారు 150 దాటుతుంది. సిటీ బస్సు లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి 600 గ్రాములు.

ఆ బస్సులో 40 మంది ఉంటే మనిషికి 15 గ్రాములు, నీకంటే మూడు రెట్లు తక్కువ. పదిమందే ఉంటే మనిషికి 60, అప్పుడు నువ్వే నయం. కానీ నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు ఎలాగూ తిరుగుతుంది. నువ్వు ఎక్కితే దాని పొగ దాదాపు ఏమీ పెరగదు, నీ 46 గ్రాములు మాత్రం పూర్తిగా మిగులుతాయి. ఇది పొగ లెక్క మాత్రమే. రోడ్డు మీద ఆక్రమించే చోటు చూస్తే బస్సుకి సాటి వచ్చేది ఏదీ లేదు.

ఘట్‌కేసర్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:40

నేను టైలరింగ్ షాపులో పనిచేస్తా. మహాలక్ష్మి రాకముందు ఉప్పల్ దాకా షేర్ ఆటోలో వచ్చేదాన్ని. వెనక నలుగురం, ముందు డ్రైవర్ పక్కన ఇద్దరు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకి ఫ్రీ మొదలైంది, ఆ వారమే బస్సుకి మారాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తారు. ఆటోకి పోయే డబ్బులు ఇప్పుడు పాప ట్యూషన్‌కి పోతున్నాయి.

పర్యావరణం అని నేను అనుకోలేదు. ఇక్కడ చదివాక, నేను చేసేది గాలికి కూడా మంచిదే అని తెలిసి సంతోషంగా ఉంది. రద్దీ మాత్రం బాగా ఉంటుంది. కొందరు మగవాళ్ళు "ఫ్రీ అని ఊరికే తిరుగుతున్నారు" అంటారు. ఊరికే తిరిగే తీరిక ఎవరికుంది అన్నా? పనికే పోతున్నాం. ఆస్పత్రికి పోతున్నాం. మా అమ్మ అయితే చెల్లెలింటికి నెలకోసారి పోయి వస్తోంది, ఇదివరకు పండక్కే పోయేది. అది కూడా ఊరికే తిరగడం కాదు.

మా ఆయన ఇప్పటికీ బండి మీదే పోతాడు.

బెజవాడ 5 నంబర్ | సోమవారం, మధ్యాహ్నం 3:15

అక్కా, మా దగ్గర 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలైంది. మా అమ్మ, పిన్ని ఇదివరకు ఊళ్ళో ఎక్కడికన్నా వెళ్ళాలంటే నన్నో తమ్ముణ్ణో బండి తియ్యమనేవాళ్ళు. ఇప్పుడు అడగట్లేదు. వాళ్ళు ఎక్కిన ప్రతిసారీ ఒక బండి ఇంట్లో ఆగినట్టే కదా, ఇది ఎవరైనా లెక్క వేశారా? ఫ్రీ బస్సు గురించి ఎంతసేపూ ఖజానా మీద పడే భారం మాట్లాడతారు, ఇంట్లో ఆగిపోయిన బండ్ల మాట రాదు.

బాటసారి | సోమవారం, సాయంత్రం 5:50

తెలంగాణలో ఆడవాళ్ళ ఉచిత ప్రయాణాలు 2025 జులైలో 200 కోట్లు దాటాయి. ఇంత పెద్ద మార్పు ఏ పర్యావరణ ప్రచారంతోనూ రాలేదు. చార్జీ తీసేస్తే వచ్చింది. అందుకే నేను మొదట అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. మనిషి మనసు మార్చడానికి ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ బస్సుల మీదే పెట్టకూడదా?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి | సోమవారం, రాత్రి 7:22

నమస్తే. జర్మనీ సంగతి చెప్తాను, బాటసారి గారి ప్రశ్నకి పనికొస్తుందేమో. 2022లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ నెలకి 9 యూరోల టికెట్ పెట్టారు. దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు అన్నీ అందులోనే. 5 కోట్లకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. రైళ్ళలో నిలబడే చోటు ఉండేది కాదు. ఆ టికెట్ మీద చేసిన ప్రయాణాల్లో సుమారు పదో వంతు మాత్రమే కారుకి బదులుగా చేసినవని రవాణా సంస్థల సంఘం సర్వేలో తేలింది. మిగతాది ఎక్కువగా ముందునుంచీ రైలెక్కేవాళ్ళే ఎక్కారు, లేదా కొత్తగా ఊళ్ళు చూడటానికి వెళ్ళారు. చవక చేస్తే జనం బస్సెక్కుతారు, నిజమే. కారున్నవాడు కారు దిగుతాడా అన్నది వేరే ప్రశ్న.

2023 మే నుంచి 49 యూరోల టికెట్ వచ్చింది, 2025లో 58 చేశారు. నేను అదే వాడతాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు కారు లేదు, లైసెన్స్ లేదు, ఏ అలవాటూ లేదు. ఇల్లు చూసుకున్నప్పుడే స్టేషన్ పక్కన చూసుకున్నాను. హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు మాత్రం కార్ పార్కింగ్ ఉందా అనే అడిగాను.

డల్లాస్ బాబాయ్ | సోమవారం, రాత్రి 8:40

మా సబర్బ్‌లో నడుచుకుంటూ వెళ్తే దొరికే బస్టాపే లేదు. ఇక్కడ మనవాళ్ళలో టెస్లా కొన్నవాళ్ళు చాలామంది, పర్యావరణం గురించి బాగా మాట్లాడతారు, పిల్లలకీ నేర్పిస్తారు. పాల ప్యాకెట్ కావాలన్నా కారు తీయాల్సిందే. ఊరిని ఇలా కట్టుకున్నాక ఎంత పట్టింపు ఉన్నా చేయగలిగేది తక్కువ. హైదరాబాద్ శివార్లలో గేటెడ్ కాలనీలు చూస్తుంటే అటే పోతున్నారనిపిస్తోంది. ఇంకా మించిపోలేదు, జాగ్రత్తపడండి.

రిటైర్డ్ కండక్టర్ | సోమవారం, రాత్రి 9:15

2019 ఆర్టీసీ సమ్మె సంగతి ఇక్కడ రావాలి. అక్టోబర్ 5న మొదలై 52 రోజులు నడిచింది. మేమంతా రోడ్డు మీద ఉన్నాం. మా బాధలు వేరు, అవి ఇప్పుడు వద్దు. ప్యాసింజర్ల సంగతి చెప్తాను. ఆ రోజుల్లో మెట్రో కిటకిటలాడింది. సమ్మె అయిపోయాక డ్యూటీ ఎక్కితే, రోజూ కనిపించే కొన్ని మొహాలు మాయం. అమీర్‌పేట వైపు పోయేవాళ్ళు మెట్రోకే ఉండిపోయారు. మెట్రో అంతకు రెండేళ్ళ ముందు నుంచీ ఉంది, వాళ్ళ ఇంటి పక్క నుంచే పోతోంది. బస్సు ఆగిపోతేగానీ అటు చూడలేదు.

ఓరుగల్లు స్కాలర్ | సోమవారం, రాత్రి 9:48

అచ్చం ఇలాంటిదే లండన్‌లో లెక్కలతో సహా దొరికింది. 2014 ఫిబ్రవరిలో అక్కడి అండర్‌గ్రౌండ్ రైళ్ళలో రెండు రోజుల సమ్మె జరిగి చాలా స్టేషన్లు మూతపడ్డాయి. జనం వేరే దారులు వెతుక్కున్నారు. ప్రయాణ కార్డుల డేటా చూస్తే, సమ్మె అయిపోయాక కూడా ఇరవైమందిలో ఒకరు పాత దారికి తిరిగి వెళ్ళలేదు. రోజూ తిరిగే ఊళ్ళో, తమకి మేలైన దారి ఒకటుందని ఏళ్ళ తరబడి తెలియకుండా గడిపినవాళ్ళన్నమాట. రెండు రోజుల ఇబ్బంది వాళ్ళకి ఆ దారి చూపించింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. హైదరాబాద్ మెట్రో సెప్టెంబర్ 7న మళ్ళీ మొదలైంది, సిటీ బస్సులు ఆ నెలాఖరుకి వచ్చాయి. ఆ ఆరు నెలల్లో అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండ్లు కొన్నవాళ్ళు మా బంధువుల్లోనే చాలామంది. అలవాటు విరిగే సమయం వస్తే మనిషి ఎటైనా పోవచ్చు. ఆ సమయంలో ఎదురుగా ఏది ఉంటే దానికి పోతాడు.

తెనాలి తమ్ముడు | సోమవారం, రాత్రి 10:03

మరి మనసు మారాకే అలవాటు మారాలా? ముందు అలవాటు మారి తర్వాత మనసు మారదా?

ఓరుగల్లు స్కాలర్ | సోమవారం, రాత్రి 10:30

మారుతుంది తమ్ముడూ, దానికి మంచి ఉదాహరణలే ఉన్నాయి. స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి జులై దాకా, నగరం మధ్యలోకి కారుతో వస్తే డబ్బు కట్టాలని ప్రయోగంగా పెట్టారు. ముందు జనం గట్టిగా వ్యతిరేకించారు. మొదలుపెట్టాక నగరం మధ్యలోకి వచ్చిపోయే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. తేడా కళ్ళారా చూశాక అభిప్రాయం మారి, సెప్టెంబర్‌లో నగరంలో జరిగిన ఓటింగులో ఎక్కువమంది అవునన్నారు. 2007 నుంచి అది శాశ్వతం.

జపాన్‌లో క్యోటోలో కారు నడిపేవాళ్ళకి ఒక నెల బస్ టికెట్ ఉచితంగా ఇచ్చారు. ఆ నెల అయిపోయాక కూడా వాళ్ళకి బస్సు మీద అభిప్రాయం మెరుగ్గా ఉంది, మునుపటికంటే ఎక్కువే ఎక్కారు. ఎక్కడం వల్ల ఇష్టం పెరిగింది. చిన్న ప్రయోగమే, కానీ ఆ తర్వాత చాలామంది ఈ దారిలో పనిచేశారు.

అందుకే బాటసారి గారికి నా జవాబు ఇది. రూపాయి బస్సు మీదే పెట్టండి, నేనూ అదే అంటాను. ఆ బస్సుని కొత్తగా ఇల్లు మారినవాడికి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి, చదువు ముగిసిన పిల్లవాడికి చేతికందించే పని కూడా అందులో భాగమే. ఆఫర్ లెటర్‌తో పాటు నెల పాస్ ఇవ్వడం ఏ కంపెనీకీ పెద్ద ఖర్చు కాదు.

బాటసారి | సోమవారం, రాత్రి 10:52

పాస్ ఇచ్చే మాటకి ఒప్పుకుంటాను. స్టాప్‌లో నీడ, రాత్రి వెలుతురు లేకుండా ఆ పాస్ ఇస్తే మాత్రం ఆ పిల్లవాడు రెండో వారానికే బండి కొంటాడు. ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్ళే కొనిపెడతారు.

నాగోల్ నీలిగీత | సోమవారం, రాత్రి 11:04

అది మా ఇంట్లో జరిగింది. చెల్లికి స్కూటీ కొన్నది మెట్రో లేక కాదు, స్టేషన్ నుంచి మా వీధి దాకా రాత్రిపూట లైట్లు లేవని. అమ్మ అంత దూరం చీకట్లో పంపదు. ఆ ఒక్క ముక్క దారి కోసం మొత్తం ప్రయాణం బండి మీదకి పోయింది.

కొత్తిల్లు వేటలో | మంగళవారం, ఉదయం 9:20

ఇదంతా చదివి అకౌంట్ తెరిచాను. వచ్చే నెల మెహిదీపట్నం నుంచి ఉప్పల్ వైపు మారుతున్నాం. మా ఆవిడ స్కూలు అటే. నా ఆఫీసు బేగంపేట. ఇప్పటిదాకా బండి మీదే తిరిగాను. స్కాలర్ గారు చెప్పిన సమయం నాకు ఇప్పుడే వచ్చినట్టుంది, దీన్ని పోగొట్టుకోవాలని లేదు. బోడుప్పల్‌లో అద్దె తక్కువ, హబ్సిగూడలో ఎక్కువ. ఏం చేయమంటారు?

నాగోల్ నీలిగీత | మంగళవారం, ఉదయం 9:41

హబ్సిగూడ అనే అంటాను. బేగంపేట నీలం లైన్ మీదే, రైలు మారే పనే లేదు. హబ్సిగూడలో ఎక్కితే తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, ప్యారడైజ్ మీదుగా నేరుగా దింపుతుంది. బోడుప్పల్ అయితే ముందు షేర్ ఆటోలో ఉప్పల్ దాకా రావాలి. ఆ షేర్ ఆటో నాలుగు రోజులు విసిగిస్తే బండి తాళం చేతికొస్తుంది. అద్దె తేడాని బండి పెట్రోలు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్‌తో పోల్చి చూడండి. అన్నిటికంటే ముందు స్టేషన్ నుంచి ఇంటికి ఒకసారి రాత్రి నడిచి చూడండి, మీ ఆవిడని కూడా తీసుకెళ్ళి.

ఓరుగల్లు స్కాలర్ | మంగళవారం, ఉదయం 10:10

ఇంకొకటి. సామాను మారిన మొదటి రెండు వారాలు బండి మెహిదీపట్నంలో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచేయండి, వీలైతే. కొత్త ఇంటి నుంచి మొదటి ఉదయం ఎలా వెళ్తారో అదే నాటుకుంటుంది. ఆఫీసులో కూడా ముందే చెప్పండి, మొదటి వారం ఓ పది నిమిషాలు అటూ ఇటూ అవుతుందని.

ఘట్‌కేసర్ అక్క | మంగళవారం, ఉదయం 10:35

మీ ఆవిడగారి స్కూలుకి బస్సు ఏ టైంకి ఉందో కూడా చూడండి అన్నా. మీ ఒక్కరి దారి చూసుకుంటే ఆమెకి స్కూటీ కొనాల్సి వస్తుంది. గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది. అయినా ఒకరోజు పొద్దున్న స్టాప్‌లో నిలబడి చూస్తే నయం, అక్కడ రోజూ ఎక్కేవాళ్ళని అడిగితే అన్నీ చెప్తారు.

కేపీహెచ్‌బీ నేస్తం | మంగళవారం, మధ్యాహ్నం 12:15

అందరికీ ధన్యవాదాలు. మా ఆఫీసులో వచ్చే నెల కొత్త బ్యాచ్ చేరుతోంది. ఇంకా చాలామంది హాస్టళ్ళు, రూములు వెతుక్కుంటున్నారు. వాళ్ళకి మొదటి రోజు ఇచ్చే కాగితాల్లో ఏ ఏరియా నుంచి ఏ బస్సు, ఏ స్టేషన్, నెల పాస్ ఎక్కడ తీసుకోవాలి అనే పేజీ ఒకటి పెట్టమని హెచ్‌ఆర్‌కి ఇప్పుడే రాశాను. పాస్ ఖర్చు కంపెనీ పెట్టుకోగలదా అని కూడా అడిగాను. కండక్టర్ గారూ, ఆ పేజీ మీరొకసారి చూసిపెడతారా? నంబర్లు తప్పు పోతే పిల్లలు మొదటి వారమే విసిగిపోతారు.

రిటైర్డ్ కండక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:02

పంపు బాబూ, చూస్తాను. ఏ బస్సు ఎటు పోతుందో రాయడంతో సరిపెట్టకు, స్టాప్‌లో ఎటువైపు నిలబడాలో కూడా రాయి. జేఎన్‌టీయూ దగ్గర కొత్తవాళ్ళు తప్పిపోయేది అక్కడే. చివరి బస్సు టైం పైన, పెద్ద అక్షరాల్లో పెట్టు.

కొత్తిల్లు బాబుకి: హబ్సిగూడలో ఇల్లు చూసేటప్పుడు రాత్రి పదింటికి ఆ గల్లీలోకి ఆటో వస్తుందా అని ఓనర్ని అడగొద్దు, వీధి చివర కిరాణా కొట్టులో అడుగు.

కొత్తిల్లు వేటలో | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సరే అంకుల్. శనివారం సాయంత్రం ఇద్దరం మెట్రోలోనే వెళ్తున్నాం, చీకటి పడ్డాక ఆ వీధి నడిచి చూసి వస్తాం. అద్దె సంగతి ఓనర్‌తో ఆ తర్వాతే మాట్లాడతాను.